కుక్క మోకాలి ఆపరేషన్ తర్వాత కల్లం కాపలాకి ఎప్పుడు వదలాలి? (వీడియోతో)

జీవామృతం ఎప్పుడు పారించాలి, నల్ల తామరకి ఏ కషాయం కొట్టాలి అని మాట్లాడుకునే మనం ఈసారి కుక్క గురించి మాట్లాడుకుందాం. మనం పొలం చుట్టూ విషపు ఎర పెట్టం, కంచెకి కరెంటు ఇవ్వం. అడవి పంది వచ్చినా, కల్లంలోకి కోతులు దిగినా ముందు లేచేది కుక్కే. అందుకని దాని కాలు బాగుండటం కూడా మన సాగులో భాగమే అని నేను అనుకుంటాను.

సత్తెనపల్లి దగ్గర మాది నల్లరేగడి, మిరప, పత్తి. మా భీముడు నాటు కుక్క, ఆరేళ్ళు, 22 కిలోలు. మిరప మొదటి కోతకి ముందు కుడి వెనక కాలు ఎత్తి మూడు కాళ్ళ మీద గెంతటం మొదలుపెట్టాడు. నెర్రెలో కాలు ఇరుక్కుని బెణికిందని ఊళ్ళో అందరూ అన్నారు. 1962కి ఫోన్ చేస్తే వచ్చిన సంచార పశువైద్య వాహనం డాక్టర్ గారు మోకాలు పట్టుకుని కదిపి చూసి, లోపల లిగమెంట్ తెగినట్టుంది, ఎక్స్‌రే తీయించి ఎముకల ఆపరేషన్ చేసేవాళ్ళకి చూపించండి అన్నారు. మన ప్రాంతం వాళ్ళు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల లాంటి చోట అడగొచ్చు. మోటారు సైకిల్ మీద మాత్రం తీసుకెళ్ళొద్దు. ట్రాలీ ఆటోలో మందంగా వరిగడ్డి పరిచి పడుకోబెట్టండి.

అసలు తెగింది ఏంటో అర్థమైతే తర్వాత జాగ్రత్తలు ఎందుకో తెలుస్తుంది. కుక్క వెనక కాల్లో వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించే కీలు మోకాలు కాదు, అది మన మడమ లాంటిది. మోకాలు దానికి పైన, పొట్ట పక్కన ఉంటుంది. వీడియోలో వేలు పెట్టి చూపించాను చూడండి. తొడ ఎముక కూర్చునే చోటు కుక్కకి వెనక్కి వాలుగా ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ పై ఎముక ఆ వాలు మీద జారాలని చూస్తుంది, దాన్ని జారకుండా పట్టుకునేది క్రూసియేట్ లిగమెంట్. మనుషులకి ఆటల్లో ఒక్క దెబ్బకి తెగుతుంది. కుక్కల్లో ఎక్కువగా పాత మోకు పురి పురిగా తెగినట్టు నెలల తరబడి బలహీనపడుతూ వచ్చి, ఏదో ఒక రోజు చిన్న మెలికకి పూర్తిగా పోతుంది. నెర్రె చేసింది ఆ చివరి పని మాత్రమే.

చిన్న కుక్కలకి మోకాలి బయట నుంచి గట్టి నైలాన్ దారంతో కట్టి సరిపెడతారు. బరువున్న వాటికి, పరిగెత్తే వాటికి ఎక్కువగా చెప్పేది టి.పి.ఎల్.ఓ. అమెరికాలో బార్‌క్లే స్లోకమ్ అనే పశువైద్యుడు 1993లో వివరించిన పద్ధతి ఇది. ఇందులో తెగిన లిగమెంట్‌ని అతికించరు. కింది ఎముక పైభాగాన్ని గుండ్రంగా కోసి, వాలు తగ్గేలా తిప్పి, ప్లేటు పెట్టి స్క్రూలు బిగిస్తారు. భీముడికి చేసింది ఇదే, సంక్రాంతి వెళ్ళిన వారం. "నాటు కుక్కకి ఆపరేషనా" అని నవ్వినవాళ్ళు ఉన్నారు. ఎవరి లెక్క వాళ్ళది. రాత్రి రెండింటికి పంది వాసన పట్టేది వాడు, నేను కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆపరేషన్ అంటే కోసిన ఎముక. అది అతుక్కోవటానికి ఎనిమిది వారాలు, ఒక్కోసారి పన్నెండు పడుతుంది. కానీ కుక్క రెండో వారానికే కాలు ఆనిస్తుంది, నాలుగో వారానికి ఏమీ జరగనట్టు నడుస్తుంది. నొప్పి తగ్గింది కాబట్టి అది పరిగెత్తాలనుకుంటుంది, మనం కూడా నయమైపోయింది అనుకుంటాం. మిరపకాయ పైన గలగలలాడుతున్నా తొడిమ దగ్గర తేమ ఉంటుంది కదా, అప్పుడే బస్తాకెత్తితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. కాలు కూడా అంతే. ఈ మధ్యలో ఒక్క దూకుడు చాలు, స్క్రూ వదులవటానికో ఎముక విరగటానికో. మాకు వచ్చిన చిక్కల్లా ఆ ఎనిమిది వారాలూ సరిగ్గా కల్లం రోజులే కావటం. కాయ ఆరబోసి ఉంది, కాపలా కుక్క కట్టేసి ఉంది.

కట్టేయటం అని మామూలుగా అంటాం గానీ పొడుగు తాడుతో గుంజకి కట్టటం పనికిరాదు. కోతి కనపడగానే ఉరుకుతుంది, తాడు చివర జర్క్ పడుతుంది, ఆ బరువంతా వెనక కాళ్ళ మీదే. వెదురు తడికలతో ఆరడుగులకి ఆరడుగులు దొడ్డి కట్టాం. కల్లం కనపడని వైపు, వేప చెట్టు నీడలో, ఇంటి గోడకి ఆనించి. గచ్చు మీద జారకుండా గోనె పట్టాలు రెండు వరసలు పరిచి అంచులు మేకులు కొట్టాం (యూరియా సంచులు జారతాయి, పైగా అవి మన ఇళ్ళల్లో ఉండవు కూడా). కషాయాల డ్రమ్ములు దొడ్డికి దూరంగా పెట్టండి. అగ్నిఅస్త్రంలో పొగాకు, వెల్లుల్లి, మిరప ఉంటాయి, ఊసుపోక కుక్క నాకిందంటే ప్రమాదం. కల్లంలో ఆ రెండు నెలలు నేను, మా తమ్ముడు వంతులేసుకుని టార్చి పట్టుకుని పడుకున్నాం. ఇంట్లో మనుషులు లేకపోతే కూలికైనా కాపలా పెట్టుకోవాలి. ఆ లెక్క ఆపరేషన్ ఖర్చుతో పాటే వేసుకోండి.

మొదటి మూడు రోజులు ఐసు ముక్కలు బట్టలో చుట్టి మోకాలి మీద పది నిమిషాలు, రోజుకి మూడుసార్లు పెట్టాం. వాపు కిందికి దిగి మడమ కీలు దగ్గర నిలుస్తుంది, దానికి కంగారు పడొద్దు. ఒంటికి లేపటానికి పాత తువ్వాలు పొట్ట కింద నుంచి పోనిచ్చి రెండు చివరలూ పైకి పట్టుకోండి. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అప్పటిదాకా గాయం నాకకుండా మెడకి గరాటు ఉండాల్సిందే. దొరక్కపోతే పాత ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకి గుడ్డ చుట్టి, కాలరుకి కట్టొచ్చు.

ఇక్కడ మనవాళ్ళకి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఆపరేషన్ గాయం మీద పసుపు, వేపాకు ముద్ద, గోమూత్రం, పేడకచ్చిక బూడిద ఏదీ పెట్టొద్దు. అది శుభ్రంగా కుట్టిన గాయం, పొడిగా ఉంచితే చాలు. మనం వేసే ముద్ద తేమని, మట్టిలోని సూక్ష్మజీవుల్ని అక్కడ నిలబెడుతుంది. పొలంలో అవి మనకి నేస్తాలు, ప్లేటు పెట్టిన ఎముక దగ్గర కాదు. నొప్పికి ఇంట్లో ఉన్న మాత్ర వేయటం ఇంకా పెద్ద ప్రమాదం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కకి కడుపులో పుండ్లు పెట్టి రక్తం కారేలా చేస్తాయి, కిడ్నీలు దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ కూడా మీ అంతట మీరు ఇవ్వొద్దు. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయనే మన దేశంలో 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. డాక్టర్ రాసిన మందు, రాసిన మోతాదు, అన్నం పెట్టాక. వేసే రోజుల్లో పెంటిక నల్లగా తారులా వచ్చినా, వాంతులు చేసుకున్నా మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి.

తిండి తగ్గించాలి. కదలని కుక్కకి మునుపటంత అన్నం పెడితే ఆ బరువు మోకాలి మీదే పడుతుంది. మాకు పావు వంతు తగ్గించమన్నారు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన పులుసు మెతుకులు అసలు వద్దు, అవి కుక్క రక్తాన్ని పాడుచేస్తాయి. ఉడికించిన కోడి ఎముకలు కూడా వద్దు, చీలికలై గుచ్చుకుంటాయి. ఉడికించిన గుడ్డు, కాస్త అన్నం, పెరుగు చాలు.

కదలికల సంగతి. కుట్లు తీశాక, డాక్టర్ సరే అన్నాకే మొదలుపెట్టండి. కుక్కని పక్కకి పడుకోబెట్టి, వేడి నీళ్ళలో పిండిన గుడ్డ ఐదారు నిమిషాలు మోకాలి మీద వేసి, ఒక చెయ్యి తొడ మీద, ఇంకో చెయ్యి మడమ దగ్గర పెట్టి, సైకిల్ తొక్కినట్టు మెల్లగా ముడిచి చాపాలి. పది పదిహేనుసార్లు, రోజుకి రెండు పూటలు. తల తిప్పి మీ చేతి వైపు చూసిందంటే అక్కడికి ఆపండి, అదే దాని భాష. వీడియోలో ఈ ముక్క వేగం తగ్గించి పెట్టాను.

నడక ఎప్పుడూ గొలుసు మీదే, పొట్టిగా పట్టుకుని. మొదట ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. తర్వాత వారానికో ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోవాలి. ముఖ్యమైంది నిదానం. వేగంగా నడిపిస్తే కుక్క ఆ కాలు ఎత్తేసి గెంతుకుంటూ వస్తుంది, కండ పెరగదు. పశువులు మేత నుంచి తిరిగొచ్చే నడకంత నిదానంగా నడిస్తే నాలుగు కాళ్ళూ ఆనించక తప్పదు. ఎర్రమట్టి బాట గానీ తారు రోడ్డు పక్క గానీ మంచిది. నల్లరేగడి తడిస్తే కాలు పట్టి లాగుతుంది, ఎండితే నెర్రెలు. అందుకని చేలోకి తీసుకెళ్ళలేదు. గట్లు ఎక్కించలేదు. ఆరో వారం నుంచి వెదురు గెడలు నాలుగు, నేల మీద రెండడుగులకొకటి పరిచి వాటి మీదుగా అడుగులు వేయించాం. కూర్చోబెట్టి లేపటం కూడా, ఒకసారికి ఐదు చొప్పున.

సాగర్ కుడి కాలువలో ఈత కొట్టించండి, కాలు తొందరగా వస్తుంది అని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నీళ్ళలో వ్యాయామం మంచిదే గానీ కాలువ పద్ధతి కాదు. ఈతలో కుక్క వెనక కాళ్ళు బలంగా తంతుంది, పైగా లైనింగ్ గోడ వాలు మీద జారుతూ పైకి ఎగబాకాలి. పంట కుంట అంచున పొట్ట లోతు నీళ్ళలో నడిపించటం చాలు, అదీ ఎక్స్‌రే చూశాకే.

మధ్యలో ఏ రోజైనా ఆనిస్తున్న కాలు ఉన్నట్టుండి ఎత్తేస్తే, గాయం నుంచి చీము గానీ వాసన గానీ వస్తే, నడుస్తుంటే మోకాల్లో టక్ టక్ మని వినిపిస్తే ఆగొద్దు. టక్ మనేది లోపల మెత్తటి గాదెపు దిండు చిరిగినప్పుడు రావచ్చు, అది మళ్ళీ చూపించాల్సిందే.

ఎనిమిదో వారం ఎక్స్‌రేలో ఎముక అతుక్కుందని చూశాక కూడా భీముణ్ణి ఒక్కసారిగా వదల్లేదు. రెండు వారాలు పొడుగు గొలుసు మీద కల్లం చుట్టూ తిప్పాం, తర్వాత పగలు వదిలి రాత్రి దొడ్డిలో పెట్టాం. పన్నెండో వారానికి రాత్రి కాపలా ఇచ్చాం. అప్పటికి చివరి కోత కాయ ఆరుతోంది. దర్జీ టేపుతో రెండు తొడలూ కొలుస్తూ వచ్చాను, మొదట కుడిది మూడు సెంటీమీటర్లు సన్నం, ఇప్పుడు ఒక సెంటీమీటరు తేడా ఉంది. ఒక మోకాలు పోయిన కుక్కల్లో దాదాపు సగానికి రెండోది కూడా పోతుందని డాక్టర్లు చెబుతారు. అందుకని నెలకోసారి బియ్యం తూచే కాటా మీద భీముణ్ణి నిలబెడుతున్నాను, 21 కిలోలు దాటనివ్వటం లేదు. కూర్చున్నప్పుడు ఎడమ కాలు పక్కకి చాపుతున్నాడేమో అని కూడా చూస్తున్నాం, ఆ గుర్తు ఎలా ఉంటుందో వీడియో చివర్లో పెట్టాను.