జొన్న రొట్టె, పెల్లాగ్రా: పోషకాల్లో తప్పక చదవాల్సిన అంశం

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, ఎల్బీనగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు సిద్ధమవుతున్నవారికి ఈ అంకెలు నోటికి రావాలి: గ్రాము పిండిపదార్థం 4, మాంసకృత్తులు 4, కొవ్వు 9 కిలోకేలరీల శక్తినిస్తాయి. విటమిన్లు, ఖనిజాలు శక్తినివ్వవు, జీవక్రియలను నడిపిస్తాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరుగుతాయి. బి, సి నీటిలో.

అసలు ఆసక్తికరమైన కథ బి3ది, అంటే నియాసిన్‌ది. ఇది లోపిస్తే పెల్లాగ్రా వస్తుంది: ఎండ తగిలేచోట చర్మం పొలుసులు కడుతుంది, విరేచనాలవుతాయి, మతి చెదురుతుంది. లోకమంతటికీ ఇది మొక్కజొన్న తినేవారి జబ్బుగా తెలుసు. మన దగ్గర మాత్రం జొన్నే ఆధారమైన పేదల్లో కనిపించింది. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఇందుకు కారణమని 1960లో హైదరాబాద్ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య ప్రతిపాదించారు. అయినా తప్పు జొన్నది కాదు, దాని పక్కన పప్పు, పాలు లేని పేదరికానిది. ఎందుకంటే పప్పు, పాలలాంటి వాటి మాంసకృత్తుల్లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం 60 మిల్లీగ్రాముల నుంచి శరీరం సుమారు 1 మిల్లీగ్రాము నియాసిన్ తయారుచేసుకుంటుంది.

గోపాలన్, శ్రీకంఠయ్య పనిచేసిన సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి (బి1 లోపం) పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. ఆ పేరు 1969లో వచ్చింది.