తుఫానుకు ముందే చేయి కలుపుదము

(సంఘ అధ్యయన పాఠము: కంపెనీలు, సేవాసంస్థలు కలిసి సహాయము చేయు విధము)



మనలో పెద్దవారికి 1977 నవంబరు 19వ తేదీ ఎన్నటికిని మరపురానిది. ఆ దినమున దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయిరి. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమను, యానామును దెబ్బతీసి వెయ్యిమందికి పైగా ప్రాణములు తీసినది. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరమును తాకిన పెనుతుఫానులో మరల సుమారు పదివేల మంది పోయిరి. అయితే 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురము వద్ద తీరము దాటినప్పుడు మరణములు పదుల సంఖ్యలోనే నిలిచినవి. సుమారు పది లక్షల మందిని ముందుగానే తరలించిరి. బరంపురములోని మనవారు దీనిని కన్నులార చూచిరి. ఫైలిన్ కూడ బలమైన తుఫానే. మారినది మనుష్యుల సిద్ధపాటు.

ప్రాణములను కాపాడిన ఆ సిద్ధపాటు, తరువాతి సహాయ కార్యములో కూడ ఉండవలెను గదా? ఆ సంగతినే ఈ పాఠములో ఆలోచించుదము.

1. ఎవరి చేతిలో ఏమున్నది?

కంపెనీ చేతిలో లారీలు, గోదాములు, జనరేటర్లు, లెక్కలు వ్రాయువారు, డబ్బు ఉన్నవి. కాని ఏ సందులో మంచము దిగలేని ముసలమ్మ ఉన్నదో, ఏ ఇంట పాలు త్రాగు బిడ్డ ఉన్నదో కంపెనీకి తెలియదు. అది స్థానిక సేవాసంస్థకు, సంఘమునకు తెలియును. అయితే వీరికి లారీ లేదు. ఒకరికి లేనిది మరొకరి యొద్ద ఉన్నది.

ఇద్దరు మాటలాడుకొననప్పుడు ఏమగునో 2004 డిసెంబరు 26 సునామీ తరువాత నాగపట్టణములో కనబడినది. దేశము నలుమూలల నుండి వచ్చిన పాత బట్టలు రోడ్ల ప్రక్కన కుప్పలుగా పడి యుండెను. ఇచ్చినవారి మనస్సు మంచిదే. కాని ఏమి కావలెనని బాధితులను ముందుగా అడిగినవారు తక్కువ.

2. డబ్బు ఒక్కటే సహాయము కాదు

కంపెనీ దినదినము చేయు పనియే దాని శ్రేష్ఠమైన కానుక. 2015 ఏప్రిల్ 25న నేపాలులో భూకంపము వచ్చినప్పుడు అనేక దేశముల నుండి సామగ్రి ఖాట్మండు విమానాశ్రయమునకు చేరెను. అక్కడ ఉన్నది ఒక్కటే రన్‌వే. సరుకు దించుట, వేరు చేయుట, లెక్క వ్రాయుట తెలిసిన మనుష్యులను డి.హెచ్.ఎల్. కంపెనీ పంపినది. ఐక్యరాజ్య సమితితో ఆ కంపెనీ 2005లోనే ఒప్పందము చేసికొని యుండెను గనుక ఆపద వచ్చిన తరువాత చర్చలు పెట్టుకొనవలసిన అవసరము లేకపోయెను. ఎజిలిటీ, యు.పి.ఎస్., మేర్స్క్ వంటి రవాణా కంపెనీలు కూడ ప్రపంచ ఆహార కార్యక్రమము నడిపించు రవాణా విభాగమునకు ఇట్లే తోడ్పడినవి.

3. అందరు ఒక్క బల్ల యొద్దకు రావలెను

నాగపట్టణములోనే మంచి మాదిరి కూడ కలదు. సేవాసంస్థలు జిల్లా యంత్రాంగముతో కలిసి ఒక సమన్వయ కేంద్రమును పెట్టుకొనెను. ఏ గ్రామములో ఎవరు పని చేయుచున్నారు, ఎక్కడ ఏమి కొరతగా ఉన్నదను సమాచారము ఒక్కచోటికి చేర్చిరి. ఇండ్లు కట్టునప్పుడు ప్రభుత్వము స్థలమిచ్చెను. కంపెనీలు, సేవాసంస్థలు ఒప్పందము వ్రాసికొని ఇండ్లు కట్టినవి. ఎవరి వంతు ఏదో కాగితముపై ఉన్నది గనుక పని ముందుకు సాగెను.

4. చట్టము ఏమి చెప్పుచున్నది?

2013 కంపెనీల చట్టము 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని పరిధిలోనికి వచ్చు పెద్ద కంపెనీలు గత మూడేండ్ల సగటు నికర లాభములో కనీసము 2 శాతము సామాజిక సేవకు వెచ్చించవలెను. ఆపదలలో సహాయము, పునరావాసము, పునర్నిర్మాణము 2019లో ఆ జాబితాలో చేర్చబడినవి.

అయితే ఆ సొమ్ముతో పని చేయు సొసైటీ లేక ట్రస్టు రిజిస్టరైనదై, పన్ను మినహాయింపు పత్రములు కలిగినదై యుండవలెను. 2021 ఏప్రిల్ నుండి సి.ఎస్.ఆర్.-1 ఫారము కూడ దాఖలు చేయవలెను. మీ సంఘమునకు ఇవి లేకపోతే నిరాశపడకుడి. అర్హత గల సంస్థకు తోడుగా హాలును, యౌవనస్థులను, ఇండ్ల జాబితాను ఇయ్యవచ్చును. ఆ సొమ్ము మాత్రము ఆ సంస్థ ఖాతాలోనే ఉండవలెను.

5. మన హాలు లెక్క

కంపెనీ యొద్దకు "ఏమైన ఇయ్యండి" అని వెళ్లకూడదు. స్ఫియర్ అను అంతర్జాతీయ ప్రమాణముల ప్రకారము ఆశ్రయములో మనిషికి కనీసము మూడున్నర చదరపు మీటర్ల చోటు, దినమునకు 15 లీటర్ల నీరు కావలెను. మరుగుదొడ్డి మొదట 50 మందికి ఒకటి, తరువాత 20 మందికి ఒకటి ఉండవలెను.

మీ హాలు 2,000 చదరపు అడుగులని అనుకొందము. అందులో సుమారు 50 మందికే చోటు. వారికి దినమునకు 750 లీటర్లు, అయిదు దినములకు 3,750 లీటర్ల నీరు కావలెను. మరుగుదొడ్లు మూడు కావలెను. ఇంత స్పష్టముగా అడిగినప్పుడు కంపెనీవారు కూడ స్పష్టముగా జవాబివ్వగలరు. 200 మందిని హాలులో క్రిక్కిరియించుట ప్రేమవలె కనబడును గాని అక్కడనే విరేచనములు మొదలగును.

6. ఒప్పందములో వ్రాసికొనవలసినవి

(అ) ఫోను చేయవలసిన వ్యక్తి ఎవరు? రాత్రివేళ ఎవరు? వారు ఊరిలో లేకపోతే మరెవరు?

(ఆ) ఏమి ఇత్తురు, ఎంత, ఎన్ని గంటలలో?

(ఇ) లెక్క ఎవరు వ్రాయుదురు? కనీసము ఇద్దరు సంతకము చేయవలెను. మిగిలిన సొమ్ము ఏమి చేయుదురు?

(ఈ) ఫొటోలు, బ్యానర్లు ఎంతవరకు? బియ్యము కొరకు నిలుచున్న తల్లి ముఖమును ప్రకటనకు వాడుకొనుట తగదు.

(ఉ) సహాయము అవసరమును బట్టియే. రెడ్ క్రాస్ ఉద్యమము, ఇతర సంస్థలు 1994లో ఏర్పరచుకొన్న నియమావళి ప్రకారము కులమత భేదము చూడరాదు; సహాయమును మత ప్రచారమునకు సాధనము చేయరాదు. ఇది మనకు ప్రత్యేకముగా వర్తించును. వరుసలో నిలుచున్నవానిని నీవు ఏ గుడికి పోవుదువని అడుగకూడదు. మన సభ్యులను ముందు నిలువబెట్టకూడదు.

(ఊ) ఆరు నెలల తరువాత ఎవరుందురు? మొదటి వారము అందరు వత్తురు. పడవ, వల, మగ్గము, చిన్న దుకాణము తిరిగి నిలుచువరకు ఉండువారు కొద్దిమందే.

ముగింపు

సముద్రము పొంగిన రాత్రి పరిచయములు చేసికొనుటకు సమయము కాదు. ఎండ కాయుచున్న దినములలోనే మీ వీధి చివరి ఫ్యాక్టరీ మేనేజరు గారిని, తహశీల్దారు గారిని, దగ్గరి సేవాసంస్థవారిని కలిసి మాటలాడుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన హాలు ఎన్ని చదరపు అడుగులు? ఎంతమందికి సరిపోవును?

2. మన వీధులలో నడువలేనివారు ఎవరెవరు? ఆ జాబితా ఎవరి యొద్ద ఉన్నది?

3. మన సభ్యులలో ఎవరు ఏ కంపెనీలో పని చేయుచున్నారు? అక్కడ ఎవరిని అడుగవలెను?

4. గత తుఫానులో, వరదలో మనము ఇచ్చినవాటిలో ఏది ఉపయోగపడెను, ఏది వృథా ఆయెను?

వచ్చే కూడికకు జవాబులు వ్రాసి తీసికొని రండి.