అహోబిలం దారిలో జీపు వణుకు - ఒక పరిశీలన

నల్లమల కొండల నడుమ వెలసిన అహోబిలం నవ నారసింహ క్షేత్రమని అందరికీ విదితమే. ఎగువ, దిగువ అహోబిలాలకు బస్సులు పోతాయి. అయితే పావన నరసింహస్వామి గుడి వైపు అడవిలో ఉన్నది రాళ్ళబాట. అక్కడికి యాత్రికులను చేర్చేవి జీపులే. రాళ్ళు అడుగున తగలకుండా కొందరు జీపుల ఎత్తు పెంచుకుంటారు. అలా ఎత్తు పెంచిన ఒక జీపుకు పట్టిన వణుకే ఈ వ్యాసానికి మూలం.

జీపు మా మేనమామది. వెనుక చక్రాలకు మాత్రమే డ్రైవ్ ఉన్న పాతబండి. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించి చాలా ఏళ్ళయింది. ఈమధ్య వెనుక కమాన్ కట్టల్లో పట్టీ ఒకటి అదనంగా వేయించి, కట్టల వెనుక కొసన ఉండే షాకిళ్ళు తీసి పొడుగువి బిగించారు. ఆ తరువాత ఆళ్ళగడ్డ రోడ్డు మీద వేగం 50 కిలోమీటర్లకు రాగానే అడుగు రేకు, గేరు కడ్డీ, సీట్లు అన్నీ అదరసాగాయి. ఒక మెకానిక్కు చక్రాల బ్యాలెన్సు చేయించమన్నాడు. ఇంకొకరు ఇంజను కింది రబ్బర్లు మార్చారు. మూడో ఆయన ప్రొపెల్లర్ షాఫ్టుకు కొత్త క్రాసులు వేశారు. డబ్బు పోయింది గానీ వణుకు పోలేదు.

సెలవులకు ఊరికి పోతే మామ అన్నాడు: "ఏమప్పా, ఇంజనీరింగు చదువుతాండావు గదా. ఈ వణుకు యాడ పుడతాందో చెప్పు చూద్దాం!"

బండిలో వణుకు అన్నిచోట్లా ఉన్నట్టే తోస్తుంది. హిరణ్యకశిపుడు స్తంభాన్ని మోదినట్టు కనబడిన భాగాన్నల్లా మోదితే ప్రయోజనం లేదు. ముందుగా, వణికే భాగం సెకనుకు ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్క కట్టాలి.

మా జీపు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 50 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 13.9 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 6.3 చుట్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి దాదాపు 5 కనుక ప్రొపెల్లర్ షాఫ్టు సుమారు 31.5 చుట్లు తిరుగుతుంది. చక్రంలో దోషముంటే బండి నెమ్మదిగా, సెకనుకు ఆరేడుసార్లు ఊగుతుంది. షాఫ్టు బరువు ఒకవైపు ఎక్కువైతే 31.5 సార్లు అదురుతుంది. యూనివర్సల్ జాయింట్ల కోణాల్లో తేడా ఉంటే దానికి రెట్టింపు, అంటే 63 సార్లు వణుకుతుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. టాప్ గేరులో ఇంజను, షాఫ్టు ఒకే వేగంతో తిరుగుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో చుట్టుకు రెండు పేలుళ్ళు జరుగుతాయి గనుక ఇంజను అదురు కూడా 63 దగ్గరే ఉంటుంది. "డీజిలు ఇంజను అంతేలే" అని అందరూ సరిపెట్టుకోవడానికి కారణం ఇదే.

ఈ రెంటినీ విడదీయడానికి మూడు పరీక్షలు చేశాం. మొదటిది, బండిని నిలిపి న్యూట్రల్‌లో ఇంజను వేగం పెంచడం. ఆ వణుకు రాలేదు. రెండవది, అదే 50 వేగాన్ని మూడో గేరులో నడిపి చూడడం. అప్పుడు ఇంజను వేగం పెరుగుతుంది గానీ షాఫ్టు వేగం మారదు. వణుకు కూడా మారలేదు! మూడవది, జనం లేని సమతల రోడ్డు మీద న్యూట్రల్ చేసి వదలడం. వణుకు కాస్త తగ్గింది గానీ పోలేదు. (ఈ పరీక్షను ఘాటులో ఎన్నడూ చేయరాదు.) దోషం గేరుబాక్సుకు వెనుకనే ఉందని తేలిపోయింది.

ఇక షాఫ్టు సంగతి. దాని రెండు కొసలా ఉండేవి హుక్ జాయింట్లు. 17వ శతాబ్దపు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ పేరు మీద వీటిని అలా పిలుస్తారు. ఈ జాయింటు వంగి తిరిగేటప్పుడు, లోనికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా బయటికి పోయే వేగం నిలకడగా ఉండదు. చుట్టుకు రెండుసార్లు హెచ్చి, రెండుసార్లు తగ్గుతుంది. కోణం 10 డిగ్రీలైతే అది 98.5 శాతానికీ 101.5 శాతానికీ మధ్య ఊగుతుంది. 20 డిగ్రీలైతే 94కూ 106కూ మధ్య. ముందు జాయింటు చేసిన ఈ తప్పును వెనుక జాయింటు దిద్దుతుంది. అయితే అందుకు రెండు షరతులున్నాయి: రెండు కోణాలూ సమానంగా ఉండాలి, షాఫ్టు రెండు కొసల యోకులూ ఒకే తలంలో ఉండాలి.

బండిని సమతల నేల మీద నిలిపి, ఇంజను ఆపి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు వేసి, కిందికి దూరాం. స్లిప్ జాయింటు మీది బాణం గుర్తులు ఎదురెదురుగానే ఉన్నాయి. యోకులు ఒకే తలంలో ఉన్నాయి. ఫోనులో కోణం కొలిచే సదుపాయంతో గేరుబాక్సు, షాఫ్టు, పినియన్ వాలు కొలిచాం. ముందు జాయింటు కోణం 10 డిగ్రీలు, వెనుకది 6. దొంగ దొరికాడు!

అదనపు పట్టీ ఇరుసును తిన్నగా కిందికి దించుతుంది. అప్పుడు రెండు కోణాలూ సమానంగానే పెరుగుతాయి. పొడుగు షాకిలు అలా కాదు. కట్ట వెనుక కొసను మాత్రమే దించుతుంది. దాంతో ఇరుసు మెలితిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. మా జీపులో అలా 4 డిగ్రీలు లేచింది. మిగిలిపోయిన దోషాన్ని లెక్కకట్టే పద్ధతి ఇది: 10 వర్గం నుండి 6 వర్గం తీసివేస్తే 64, దాని వర్గమూలం 8. అంటే 8 డిగ్రీల కోణంలో ఒంటి జాయింటు తిరుగుతున్నట్టే లెక్క. ఇది 3 డిగ్రీలకు మించకుండా చూసుకోవడం ఇంజనీర్ల వాడుక.

ఇరుసు కింద వాలుబిళ్ళలు పెట్టి ముక్కు దించవచ్చు గానీ, రెండు కోణాలూ 10 వద్దనే నిలుస్తాయి. చివరలు సమమైనా నడుమ షాఫ్టు చుట్టుకు రెండుసార్లు హెచ్చుతగ్గులు పడుతూనే ఉంటుంది, క్రాసులు త్వరగా అరుగుతాయి. అందుకే పాత షాకిళ్ళు తిరిగి వేయమన్నాను.

మామ ఒప్పుకోలేదు. "వంకలో రాళ్ళు తగిలితే నువ్వొచ్చి మోస్తావా?"

అప్పుడు ఒక సంగతి చెప్పాను. ఈ జీపుకు హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర లేదు, గేరుబాక్సు వెనుక ఉంది. ఏటవాలులో క్రాసు తెగి షాఫ్టు జారిందంటే గేరూ ఆపదు, హ్యాండ్ బ్రేకూ ఆపదు. మిగిలేది కాలి బ్రేకు ఒక్కటే. వెనుక కూర్చున్నది యాత్రికులు. మామ కాసేపు మాట్లాడలేదు. "సరే, విప్పు" అన్నాడు.

పాత షాకిళ్ళు వేశాక కోణాలు ముందూ వెనుకా 7 డిగ్రీలు వచ్చాయి. 50 దగ్గర వణుకు మాయమైంది. అదనపు పట్టీ ఉండనిచ్చాం. ఎత్తు కొంత తగ్గింది కనుక మామ ఇప్పుడు వంక దగ్గర యాత్రికులను దించి, నిదానంగా దాటిస్తున్నాడు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను బండిని ఇష్టానుసారం మార్చడాన్ని కట్టడి చేస్తుంది. చట్టం మాట అలా ఉంచినా, బండిలో ఒకచోట మార్పు చేస్తే మరొకచోట లెక్క తప్పుతుందని విద్యార్థి మిత్రులు గ్రహించాలి. మెకానిక్కులు చేసిన పనిలో లోపం లేదు. ప్రతివారూ తన భాగం బాగుచేశారు. "ఈ వణుకు ఎప్పటినుంచి? దానికి ముందు ఏం మార్చారు?" అని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ మొదట అడగలేదు. అడిగి ఉంటే సగం పని అక్కడే అయ్యేది.