ముందు వచ్చినవారికి కాదు, ముందు అవసరమైనవారికి

ఆస్పత్రిలో ఓపీ టోకెన్ నంబరును బట్టి నడిస్తే, అత్యవసర విభాగం ప్రాణాపాయ తీవ్రతను బట్టి నడుస్తుంది. నాడి, రక్తపోటు, శ్వాస వేగం, స్పృహ చూసి రోగులను ఎరుపు, పసుపు, ఆకుపచ్చ వర్గాలుగా విడదీసే పద్ధతిని ట్రయేజ్ అంటారు. చీలమండ బెణికి గంట ముందే వచ్చిన యువకుడు బల్లపై ఎదురుచూస్తుండగా, ‘గ్యాస్ నొప్పి’ అంటూ ఒళ్లంతా చెమటలతో అప్పుడే వచ్చిన 50 ఏళ్ల వ్యక్తికి 10 నిమిషాల్లోపు ఈసీజీ తీయడం ఈ పద్ధతి ప్రకారం న్యాయమే గాని పక్షపాతం కాదు. అయితే ఆ సంగతిని యువకుడి బంధువులకు విసుగు లేకుండా వివరించగలగడం కూడా ఈ వృత్తిలో భాగమే.

భారతదేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్ ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తింపు పొందింది 2009లోనే. అంతకుముందు చాలాచోట్ల క్యాజువాలిటీ అంటే, డ్యూటీ పడిన వైద్యుడు ప్రథమ చికిత్స చేసి రోగిని సంబంధిత వార్డుకు పంపే గది. నేడు ఎంబీబీఎస్, ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తిచేసినవారు నీట్ పీజీ ర్యాంకుతో ఈ సబ్జెక్టులో మూడేళ్ల ఎండీలో గాని డీఎన్‌బీలో గాని చేరవచ్చు. విదేశీ సంస్థల పేరుతో కొన్ని ప్రైవేటు ఆస్పత్రులు నడిపే శిక్షణలు నైపుణ్యం నేర్పవచ్చు గాని, జాతీయ వైద్య కమిషన్ గుర్తించిన పీజీకి అవి సాటిరావు కనుక, ఫీజు కట్టకముందే ఆ గుర్తింపు ఉన్నదో లేదో విచారించుకోవడం వివేకం.

ఇతర శాఖల్లో రోగ నిర్ధారణ తర్వాత చికిత్స మొదలవుతుంది. ఇక్కడ శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ నిలబెట్టాకే రోగం పేరు వెతుకుతారు. ఇందుకు ఖరీదైన యంత్రాలే కావాలని లేదు. పాము కాటుతో వచ్చిన రైతు రక్తం 2 మిల్లీలీటర్లు కొత్త, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా జారిందంటే రక్తపింజరి వంటి పాము విషం ఒంట్లో పనిచేస్తున్నట్లు భావించి విరుగుడు మందు ఎక్కిస్తారు. ఆ 20 నిమిషాలూ గోడ గడియారం చూడగల ఓపిక ఈ చదువు నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి.

వైద్యులు కానివారికీ ఇక్కడ చోటుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ, అంబులెన్స్‌లోనే చికిత్స ప్రారంభించే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్ అనే ఉద్యోగాన్ని తెలుగు జిల్లాలకు పరిచయం చేసింది. రాత్రి డ్యూటీలు, బంధువుల ఆగ్రహం ఈ కొలువులో తప్పవన్నది దాచవలసిన విషయం కాదు.

రోగి హక్కులను కూడా విద్యార్థి తెలుసుకోవాలి. పోలీసు లాంఛనాల కోసం చికిత్స ఆపరాదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చిచెప్పింది. ప్రమాద బాధితుడిని తెచ్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టరాదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద చేసిన నియమాలు చెబుతున్నాయి. కుటుంబసభ్యులు చేయగల మేలు కూడా ఒకటుంది: వాడుతున్న మాత్రల అట్టలు వెంట తేవడం, లక్షణాలు మొదలైన సమయం కచ్చితంగా చెప్పడం. మెదడు రక్తనాళంలోని గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు గనుక, రాత్రి బాగానే పడుకుని తెల్లవారేసరికి చేయి లేపలేని రోగి విషయంలో ఆ లెక్క నిద్ర లేచిన వేళ నుంచి కాక, చివరిసారి మామూలుగా ఉన్న వేళ నుంచే మొదలవుతుంది.