మాత్ర మానువారికి కొన్ని మాటలు

చదువవలసిన భాగము: 1 రాజులు 19వ అధ్యాయము, మొదటి ఎనిమిది వచనములు



ఈ నెల పాఠమును మా తప్పిదముతోనే ప్రారంభింపవలసి యున్నది. కొన్నేండ్ల క్రిందట నాచారములో ఒక గృహ ప్రార్థన కూటమునకు వెళ్లితిమి. అక్కడి కార్ఖానాలలో పనిచేయు మన పల్లెలవారు అనేకులు ఆ వాడలలో అద్దె యిండ్లలో కాపురముందురు. సాక్ష్యముల వేళ ఒక సహోదరుడు లేచి, మనోవ్యాకులమునకు తాను ఆరేండ్లుగా వేసికొనుచున్న మాత్రలను ఆ దినముననే చెత్తబుట్టలో పారవేసితినని చెప్పెను. అందరును స్తోత్రము చెప్పిరి. మేమును చెప్పితిమి. "డాక్టరు నడిగితివా తమ్ముడా?" అను ఒక్క మాట మా నోట రాలేదు.

నాలుగవ నాడు తెల్లవారక ముందే అతని భార్య ఫోను చేసెను. "అయ్యగారూ, ఆయనకు తల తిరుగుతున్నది, నిలబడలేకపోతున్నడు. కండ్లు పక్కకు తిప్పితే తలల కరెంటు కొట్టినట్లు అయితున్నదట. మూడు రాత్రుల నుంచి నిద్ర లేదు, ఊరికెనే ఏడుస్తున్నడు. గాలి సోకిందని మా అత్తమ్మ అంటున్నది" అనెను. మేము వెళ్లునప్పటికి ఇంటిలో తలకొక మాటగా నుండెను. తల్లి దయ్యమనెను. తమ్ముడు పాత జబ్బే తిరుగబెట్టినదనెను. ఆ సహోదరుడు మాత్రము గోడవైపు తిరిగి పండుకొని, తన విశ్వాసము చాలనందున దేవుడు తన్ను విడిచెనని తలంచుచుండెను. ఈ మూడు తలంపులలో ఒక్కటియు నిజము కాదని మాకును అప్పుడు తెలియదు.

మాత్రలు వ్రాసిన డాక్టరు వద్దకే అతనిని తీసికొనిపోతిమి. ఆయన కోపపడలేదు. ఆరేండ్లు అలవాటు పడిన మందును ఒక్కసారిగా లాగివేసినందున శరీరము పడుచున్న బాధ యిదియని చెప్పి, అదే మాత్రను మరల మొదలు పెట్టించెను. మూడు దినములలో తల తిరుగుట తగ్గెను, నిద్ర పట్టెను. అతడు యంత్రము ప్రక్కన నిలువబడి పనిచేయువాడు. ఆ నాలుగు దినములలో ఒక్కనాడు డ్యూటీకి పోయి యుండినయెడల ఏమి జరిగెడిదో తలంచుకొనుటకే మాకు భయము. మేము చెప్పిన ఆ స్తోత్రము ఇప్పటికిని మా చెవులలో మ్రోగుచున్నది. అందుచేత ఈ సంగతిని చదివి, అడిగి, నేర్చుకొన్నంత మట్టుకు మీ యెదుట పెట్టుచున్నాము.

మెదడులోని నరములు ఒకదానికొకటి కబురు పంపుకొనుటకు కొన్ని రసములను వాడుకొనును. వానిలో సెరటోనిన్ అనునది యొకటి. నరము విడిచిన ఈ రసమును తిరిగి లోనికి లాగుకొను చిన్న ద్వారములు గలవు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, ఫ్లుయాక్సెటిన్ మొదలగు మాత్రలు ఆ ద్వారములను మూయును. ఇట్లు నెలలు, ఏండ్లు గడువగా మెదడు ఆ స్థితికి తగినట్లు తన్ను సర్దుకొనును. మూసిన ద్వారములన్నియు ఒక్క దినమున తెరచుకొన్నయెడల, తిరిగి సర్దుకొనుటకు దానికి వ్యవధి యుండదు. అప్పుడు తల తిరుగుట, వాంతి వచ్చునట్లుండుట, జ్వరము రాకయే ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, భయంకరమైన కలలు, చిరాకు, కన్నీరు, తలలో విద్యుత్తు తగిలినట్లు జివ్వుమనుట కలుగును. ఆ చివరి లక్షణమును మన సహోదరి తన మాటలలో ఎంత సరిగా చెప్పెనో చూడుడి.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. స్విట్జర్లాండులో కూన్ అను డాక్టరు ఇమిప్రమీన్ అను మందు మనోవ్యాకులమునకు పనిచేయునని 1957లో ప్రకటించెను. దానిని మానినవారికి కలుగు బాధలను గూర్చి డాక్టర్లు 1959లోనే వ్రాసిరి. అయినను చాలకాలము ఇది ఒకటి రెండు వారములలో పోవు చిన్న బాధ యని చెప్పుచు వచ్చిరి. రోగుల మొర విని, బ్రిటనులోని మనోవైద్యుల రాయల్ కాలేజీ 2019లో తన మాటను దిద్దుకొని, కొందరికి ఈ బాధ తీవ్రముగాను, దీర్ఘకాలము వరకును ఉండగలదని ఒప్పుకొనెను. అంత గొప్ప వైద్యులు తమ మాట దిద్దుకొనగా, మన సాక్ష్యములను దిద్దుకొనుటకు మనకు సిగ్గేల?

ఎందరికి ఇట్లగును? అనేక పరిశోధనలను కూర్చి చూచిన ఒక పరిశీలన 2024లో ప్రకటింపబడినది. మందు మానినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఏదో యొక లక్షణము కనబడెను. అయితే మందు లేని ఉత్త మాత్రను మానినవారిలోను సుమారు ఆరుగురిలో ఒకరికి అట్లే తోచెను. ఆ లెక్కను తీసివేయగా, మందు మానుట వలననే బాధపడినవారు ఆరేడుగురిలో ఒకరని తేలినది. తీవ్రముగా బాధపడినవారు సుమారు 35 మందిలో ఒకరు. గనుక మానుచున్న ప్రతివాడును భయపడనక్కరలేదు. కాని ఆ పరిశీలనలోనివారిలో చాలమంది ఏండ్ల తరబడి వాడినవారు కారు. ఎక్కువ కాలము వాడినవారు ఎక్కువ జాగ్రత్త పడవలెను.

మందును బట్టియు భేదము గలదు. వెన్లాఫాక్సిన్ కొన్ని గంటలలోనే శరీరములో సగమగును. పారాక్సెటిన్ సుమారు ఒక దినములో సగమగును. వీనిని మానినవారికి ఒకటి రెండు దినములలోనే బాధ మొదలు కావచ్చును. ఫ్లుయాక్సెటిన్ వారముల తరబడి మెల్లగా దిగును గనుక, దానితో బాధ తక్కువగాను ఆలస్యముగాను కనబడును.

తెలియకయే మానువారును మనలో గలరు. క్రిస్మసుకో పెండ్లికో ఊరికి పోవలెనని ఉప్పల్‌లో వరంగల్ బస్సు ఎక్కుదురు. బట్టలు, పిల్లలకు బిస్కెట్లు, అమ్మకు చీర, అన్నియు సంచిలో నుండును. మాత్రల అట్ట మాత్రము అద్దె యింటి గూటిలోనే యుండిపోవును. మూడవనాడు పెండ్లి పందిటిలో తల తిరిగి పడినప్పుడు, దిష్టి తగిలినదందురు. సంచిలో మొదట పెట్టవలసినది మాత్రలే. చీటీని కూడ వెంట నుంచుకొనుడి.

ఇది మానుట వలని బాధయా, పాత జబ్బు తిరుగబెట్టినదా అని ఎట్లు తెలిసికొనవలెను? సామాన్యముగా మానుట వలని బాధ మాత్ర మానిన లేక తగ్గించిన కొద్ది దినములలోనే వచ్చును. ముందెన్నడు లేని తల తిరుగుడు, ఆ జివ్వుమనుట దానిలో నుండును. మాత్రను తిరిగి మొదలు పెట్టగా త్వరగా తగ్గును. పాత జబ్బు అట్లు కాదు. అది వారములు, నెలలు గడచిన పిమ్మట, మునుపు వచ్చిన త్రోవనే మెల్లగా వచ్చును: ఆకలి లేకపోవుట, పనిమీద మనస్సు పోకపోవుట, తెల్లవారుజామున మెలకువ వచ్చి దిగులు పడుట. ఒక్కొక్కప్పుడు రెండును కలిసిపోయి, డాక్టరుకే విడదీయుట కష్టమగును. గనుక దినదినము ఎట్లున్నదో ఒక చిన్న పుస్తకములో వ్రాసి చూపుట మంచిది.

ఇప్పుడు ఏలీయాను చూతము. కర్మెలుమీద అంతటి జయము పొందినవాడు, ఒక స్త్రీ పంపిన బెదిరింపు విని అరణ్యములోనికి పారిపోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, చావు నిమ్మని దేవుని వేడుకొనెను. విశ్వాసము లేనివాడని అతనిని మనలో ఎవరనగలరు? అచ్చట దూత చేసినదేమో గమనించుడి. గద్దింపలేదు, ప్రసంగము చేయలేదు. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్ల బుడ్డిని తలయొద్ద ఉంచి, తిని త్రాగుమనెను. అతడు తిని మరల నిద్రపోయెను. దూత రెండవమారు లేపి, ప్రయాణము అతని శక్తికి మించినదని చెప్పి మరల తినిపించెను. పిమ్మట హోరేబుకు పోవుటకు నలువది దినములు, నలువది రాత్రులు పట్టెను. అతనిని ఒక్క రాత్రిలో అక్కడ దింపుట దేవునికి అసాధ్యమా? అయినను దేవుడు అతని దేహమునకు అన్నమును, నిద్రను, సమయమును ఇచ్చెను. ఆ నాచారము కూటములో మేము ఇయ్యనిది ఆ సమయమే.

మరి ఎట్లు మానవలెను? మొదట డాక్టరుతో మాటలాడవలెను. మాత్ర తగ్గించు లెక్క ఆయనది. అయితే మీరు తెలిసికొని అడుగుటకు ఒక సంగతి చెప్పుదుము. సిటాలోప్రామ్ 20 మిల్లీగ్రాములు వేసికొనునప్పుడు మేము పైని చెప్పిన ద్వారములలో నూటికి సుమారు 80 మూయబడును. దానిని సగమునకు పైగా తగ్గించి 9 మిల్లీగ్రాములు చేసినను ఇంకను సుమారు 70 మూయబడియే యుండును. మూడున్నర మిల్లీగ్రాములకు వచ్చినప్పుడు గాని 50కి దిగవు. ఒక్క మిల్లీగ్రాముకు కొంచెము తక్కువైన మోతాదు కూడ 20 ద్వారములను మూయును. మన ఊరి దిగుడు బావిని తలంచుకొనుడి. ఈ బావిలో పై మెట్లు జానెడేసి, అడుగు మెట్లు నిలువెత్తువి. పై మెట్లు సులభముగా దిగినవాడు "ఇక నేమున్నది" అని చివర దూకును, అక్కడనే కాలు విరుగును. గనుక చివరి భాగమును అన్నిటికంటె నెమ్మదిగా, చిన్న చిన్న మోతాదులుగా దిగవలెను. ఈ లెక్కను ఇద్దరు పరిశోధకులు 2019లో లాన్సెట్ సైకియాట్రీ అను పత్రికలో వివరించిరి. ఏండ్ల తరబడి వాడినవారికి ఇట్లు దిగుటకు నెలలు పట్టును. కొందరికి ఏడాది దాటును.

దినము విడిచి దినము వేసికొనుట మంచి ఉపాయమని అనేకులు తలంతురు. త్వరగా దిగిపోవు మందులకు అది పనికిరాదు. ఒకనాడు ఎక్కి ఒకనాడు పడినట్లగును. మెల్లగా కరగునట్లు చేసిన మాత్రలను విరువరాదు, నమలరాదు. ఒక మెట్టు దిగినప్పుడు బాధ ఎక్కువైనయెడల డాక్టరుకు చెప్పి పై మెట్టుకు తిరిగి పోయి కొన్ని వారములు నిలువవచ్చును. అది ఓటమి కాదు. నాట్ల కాలములో, ఇంట చావు జరిగినప్పుడు, బిడ్డ పెండ్లి నెలలో తగ్గించుట మొదలు పెట్టకుడి. గర్భవతులు తమంతట తాము ఏమాత్రము మానరాదు. మరియొక హెచ్చరిక: మనోవ్యాకులపు మాత్రతోపాటు చాలమందికి ఆల్‌ప్రజోలామ్ వంటి నిద్రమాత్రయు వ్రాసి యుందురు. అది వేరు జాతి మందు. దానిని ఒక్కసారిగా మానినయెడల మూర్ఛ రావచ్చును.

అందరు మానవలసినదేనా? కాదు. ఇంగ్లాండులో ఏండ్ల తరబడి మాత్రలు వాడి, నెమ్మదిగానుండి, మానవచ్చునని తలంచిన 478 మందిని పరిశీలించి 2021లో ప్రకటించిరి. ఏడాదిలోపల, మెల్లగా మానినవారిలో నూటికి 56 మందికి జబ్బు తిరుగబెట్టెను. వాడుచునే యున్నవారిలో నూటికి 39 మందికి తిరుగబెట్టెను. మానినను క్షేమముగా నున్నవారు గలరు, మానకూడనివారును గలరు. మాటిమాటికి జబ్బుపడినవారికి, మునుపు ప్రాణము తీసికొన యత్నించినవారికి డాక్టరు వాడుమనియే చెప్పవచ్చును. షుగరు మాత్ర వేసికొను సంఘపెద్దను మనము విశ్వాసహీనుడని అనము గదా! ఈ మాత్ర వేసికొను అక్కను మాత్రము ఏల ప్రక్కకు పెట్టుదుము?

ఇంటివారికి ఒక మాట. మానుచున్న దినములలో అతనిని బండి నడుపనీయకుడి, నిచ్చెన ఎక్కనీయకుడి, బావి గట్టున ఒంటరిగా విడువకుడి. చేనికి తెచ్చిన పురుగుమందు ఇంటనున్నయెడల తాళము వేసి, తాళపుచెవి మరియొకరియొద్ద ఉంచుడి. చచ్చిపోవలెనని అతడు ఒక్కసారి అన్నను, ఆ దినమే ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఆదివారపు ఆరాధన వరకు ఆగరాదు. ప్రాణాపాయమైనయెడల 108కి ఫోను చేయుడి. సలహా కొరకు 14416 అను నంబరు గలదు. ఇది టెలి మానస్ అను ప్రభుత్వ సేవ. 2022 అక్టోబరు 10న ఆరంభమైనది. రాత్రింబగళ్లు డబ్బు లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును.

ఇ.ఎస్.ఐ. కార్డు గలవారు నాచారములోని ఇ.ఎస్.ఐ. ఆస్పత్రిలో విచారింపవచ్చును. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, ఎర్రగడ్డలో దిగినయెడల ప్రభుత్వ మానసిక చికిత్సాలయము చేరవచ్చును. ఎర్రగడ్డ అను పేరును మనవారు తిట్టుగా వాడుకొందురు. ఆ నవ్వునకు వెరచి అచ్చటికి పోనివారెందరో! ఉదయము పోయి డాక్టరును చూచి సాయంకాలమునకు ఇల్లు చేరువారు అచ్చట ప్రతిదినము కనబడుదురు.

ఆ నాచారము సహోదరుడు తరువాత ఒక సంవత్సరము ఆగి, డాక్టరు లెక్క ప్రకారము దిగ నారంభించెను. రెండుసార్లు బాధపడి పై మెట్టుకు తిరిగి పోయెను. అతని భార్య గోడమీది క్యాలెండరులో ఏనాడు ఎంత మాత్రయో పెన్సిలుతో గుర్తు వేయును. పోయిన నెల మేము వారి యింటికి పోయినప్పుడు ఆమె ఆ క్యాలెండరును చూపి, "ఇంక కొంచమే ఉన్నది అయ్యగారూ, కాని ఈ కొంచెమునే మెల్లగ దిగాలని డాక్టరు చెప్పిండు" అనెను. అతడు మాకు టీ తెచ్చి యిచ్చి, డ్యూటీకి వేళయైనదని చెప్పులు తొడిగికొని బయలుదేరెను.