నీ నెల నువ్వే రాసుకో

బుజ్జమ్మా,

నువ్వు ఫోన్లో పంపిన నాలుగు రంగుల పట్టిక చూశాను. మొదటి వారం పడుకో, రెండో వారం పరుగెత్తు, మూడో వారం నలుగురిలో తిరుగు, నాలుగో వారం ఇంటిపట్టున ఉండు అని ఉంది అందులో. వేసవి సెలవులకు బొర్రా వచ్చినప్పుడు మన ఆడపిల్లలకు అది నేర్పనా అని అడిగావు. ఆ పట్టిక తేవద్దు తల్లీ. ఒళ్లు నెలంతా ఒకేలా ఉండదని, దాన్ని కనిపెట్టుకుని మసలుకోవాలని చెప్పు, అది నిజం. కానీ ఎవరి ఒంటి సంగతి వాళ్లే కనిపెట్టుకోవాలి. ఊరందరికీ సరిపడే పట్టిక ఎవరూ గీయలేరు.

నర్సింగ్ పుస్తకంలో నువ్వు చదివిందే, పిల్లలకు చెప్పే తీరులో చెబుతాను. ముట్టు వచ్చిన రోజు ఒకటో రోజు. అప్పటినుంచి అండాశయంలో ఒక గుడ్డు ఎదుగుతుంది, ఈస్ట్రోజెన్ పెరుగుతుంది, గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. గుడ్డు విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వంతు. అప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, కొందరికి రొమ్ములు సలుపుతాయి, కడుపు ఉబ్బరిస్తుంది, ఊరికే విసుగొస్తుంది. గర్భం రాకపోతే ఆ హార్మోన్లు రెండూ పడిపోతాయి, పొర ఊడి రక్తంతో బయటికొస్తుంది. దాన్ని తోసేందుకు గర్భాశయం బిగుసుకుంటుంది, నొప్పి అందుకే.

పిల్లలకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకొకటుంది. 2019లో 6,12,613 నెలసరి చక్రాల లెక్కలు తీసి చూసినవాళ్లకు తేలిన సగటు 29.3 రోజులు. అందులో గుడ్డు విడుదలకు ముందు భాగం 16.9 రోజులు, తర్వాతి భాగం 12.4. ఎక్కువగా అటూ ఇటూ అయ్యేది ముందు భాగమే. జ్వరం తగిలినా, పరీక్షల బెంగ పట్టుకున్నా, సరిగా తినకపోయినా గుడ్డు ఆలస్యం కావచ్చు, దాంతో ముట్టూ ఆలస్యమవుతుంది. పెద్దమనిషైన మొదటి రెండు మూడేళ్లు 21 నుంచి 45 రోజుల దాకా ఎలా వచ్చినా కంగారు పడనక్కర్లేదు. పద్నాలుగో రోజే గుడ్డు విడుదలవుతుందని గుడ్డిగా నమ్మి మోసపోయిన ఆడవాళ్లను ఎందరినో చూశాను. పెళ్లీడు పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పు.

అమావాస్య నుంచి అమావాస్యకు 29.5 రోజులు. మన పెద్దవాళ్లు చంద్రుణ్ణి చూసి ముట్టు లెక్క పెట్టుకునేవారు. లెక్కకు అది మంచిదే, అంతవరకే. హాస్టల్లో అందరికీ ఒకేసారి వచ్చేస్తుందని నువ్వు రాశావే, ఆ మాట 1971లో అమెరికాలో 135 మంది కాలేజీ అమ్మాయిలను చూసి రాసిన వ్యాసంతో లోకమంతా పాకింది. 2006లో చైనాలో హాస్టల్ గదుల్లో ఉండే 186 మందిని గమనిస్తే అదేమీ కనబడలేదు. నెలకు నాలుగైదు రోజులు ఒక్కొక్కరికీ ఉంటే, గదిలో ఇద్దరి తేదీలు కలవడంలో వింతేముంది?

గింజల సంగతి కూడా అడిగావు. మొదటి సగం గుమ్మడి, అవిసె, రెండో సగం నువ్వులు, పొద్దుతిరుగుడు తింటే హార్మోన్లు దారికొస్తాయన్నదానికి గట్టి ఆధారం లేదు. నువ్వులు మంచివే, నెలంతా తిను. ఆటల సంగతీ అంతే. 2020లో 78 అధ్యయనాలను కలిపి చూస్తే, ముట్టు మొదటి రోజుల్లో శక్తి ఏదో రవ్వంత తగ్గవచ్చని మాత్రమే తేలింది. ఎవరికి వాళ్లు చూసుకోవాలన్నదే ఆ పరిశోధకులు చెప్పిన మాట కూడా. ఆ రోజుల్లో పరుగు పందెం గెలిచే పిల్లను నువ్వు పట్టిక చూపించి పడుకోబెట్టకు.

మరి ఏం నేర్పాలి? ఒక రూళ్ల నోటుపుస్తకం చాలు. ఒక్కో నెలకు ఒక పేజీ. ఎడమవైపు తేదీలు, పక్కన ఐదు గళ్లు. ఆ రోజు ఎన్నిసార్లు గుడ్డ గానీ ప్యాడ్ గానీ మార్చింది, నొప్పి ఉందా, నిద్ర పట్టిందా, ఆకలి వేసిందా. తెల్లబట్ట మామూలుగా ఉందో, కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతోందో కూడా రాయాలి. సాగుతుంటే గుడ్డు విడుదలకు దగ్గరపడినట్టు. చదువురాని వాళ్లమ్మ ఉంటే చుక్కలు పెట్టుకోమను, ఎర్రచుక్క ముట్టుకి, నల్లచుక్క నొప్పికి. మూడు నాలుగు పేజీలు నిండేసరికి తన నెల ఎలా నడుస్తోందో ఆ పిల్లకే తెలుస్తుంది. నొప్పి ఫలానా రోజున మొదలవుతుందని తెలిశాక వేడినీళ్ల సీసా ముందే పెట్టుకుంటుంది. డాక్టరు రాసిన మాత్ర నొప్పి ముదిరాక కాకుండా మొదట్లోనే, ఏదో ఒకటి తిన్నాక వేసుకుంటుంది.

మన కొండమీద ఆ పేజీలో ఇంకో గడి కావాలి, కాలం ఏదో రాయడానికి. వానాకాలం నెల వేరు, కాఫీ కోతల నెల వేరు. ఆగస్టులో ఇక్కడ మబ్బు ఇళ్లలోకే వచ్చేస్తుంది. ఉతికిన ముట్టుగుడ్డను ఎవరూ చూడకూడదని చీర కింద ఆరేస్తారు, అది రెండు రోజులైనా తడారదు, అదే మళ్లీ కట్టుకుంటారు. దురద, వాసన, పుండ్లు మొదలయ్యేది అక్కడే. గుడ్డ వాడటం తప్పేమీ కాదు, ఆరకుండా వాడటమే తప్పు. వానల్లో అదనంగా గుడ్డలుండాలి, పొయ్యి గట్టు దగ్గరైనా సరే దాచకుండా ఆరేయాలి. బడి పిల్లలకు 2021 అక్టోబరులో మొదలుపెట్టిన స్వేచ్ఛ పథకంలో నెలకు 10 ప్యాడ్లు అన్నారు. నాలుగు నుంచి ఆరు గంటలకొకటి మార్చే పిల్లకు అవి మూడు రోజులకైనా చాలవు. మిగతా రోజులకు ఏం చేస్తుందో నువ్వు అడుగు. వాడిన ప్యాడ్లు గెడ్డలో పడేయొద్దని కూడా చెప్పు. మన బొర్రా గుహల కింద పారే గోస్తనే తాటిపూడి జలాశయానికి చేరి, అక్కణ్ణుంచి విశాఖపట్నం కుళాయిల్లోకి వెళుతుంది. నువ్వు తాగే నీళ్లే అవి.

కాఫీ పండ్ల కోత నవంబరు నుంచి జనవరి దాకా. పండు పట్టికలు చూసి ఎర్రబడదు. నడుముకు సంచి కట్టుకుని, ఏటవాలు తోటలో పొద్దుగూకేదాకా నిలబడాలి. బిహారులో ప్రభుత్వ ఉద్యోగినులకు నెలకు రెండు రోజుల సెలవు 1992 నుంచీ ఉంది. రోజుకూలి మనిషికి సెలవంటే కూలి పోవడమే. అందుకని ఆ రెండు రోజులూ పని మానుకోమనకు. పనిలో బరువు మార్చుకునే వీలు చూడమను. ఆ రోజు మూట మోయకుండా పండ్లు ఏరే పని తీసుకోవచ్చు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది రక్తం తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత. నెలకు పోయేది మామూలుగా 30-40 మిల్లీలీటర్లే. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. గంటకో రెండు గంటలకో తడిసిపోవడం, రూపాయి బిళ్లకన్నా పెద్ద గడ్డలు పడటం, ఎనిమిదో రోజుకీ ఆగకపోవడం, ఇవి కనిపిస్తే ఆసుపత్రికి నడిపించు. మూడు నెలలు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా పెద్దమనిషి కాకపోయినా అంతే. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. కడుపులో తిప్పుతుందని పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్నాక వేయించు, వెంటనే టీ మాత్రం తాగనివ్వకు, టీ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రాత్రి పులియబెట్టిన చోడి అంబలి, మునగాకు, ఉలవలు, సంతలో ఎండుచేపలు, పక్కన ఒక ఉసిరికాయ. ఇది ముట్టు వారం తిండి కాదు, ఏడాది పొడుగూ తిండి.

అయితే పాలిపోయిన ప్రతి పిల్లకూ ఇనుమొక్కటే మందు అనుకోకు. మన గిరిజనుల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. ఆ జబ్బున్న కొందరికి ముట్టు రోజుల్లోనే కీళ్లు, ఎముకలు పగిలిపోతున్నట్టు నొప్పి లేస్తుంది. ఇంట్లోవాళ్లు మామూలు కడుపునొప్పే అని ఊరుకుంటారు. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమంలో నలభై ఏళ్లలోపు వాళ్లకు పరీక్ష చేస్తున్నారు. ప్రతి నోటుపుస్తకం మొదటి పేజీలో ఆ ఫలితం రాయించు. జబ్బు ఉందని తేలితే ఇనుము మాత్ర డాక్టరు చెప్పాకే.

ముట్టు రోజుల్లో బయట కూర్చోబెట్టడం గురించి మీ అమ్మకూ నీకూ మాటా మాటా వచ్చిందని తెలిసింది. మీ అమ్మ విశ్రాంతి అంటోంది, నువ్వు వెలి అంటున్నావు. నా మట్టుకు ఒకటే గుర్తు. ఆ పిల్లకు వేడన్నం, కప్పుకోవడానికి దుప్పటి, పక్కన ఒక మనిషి ఉన్నారా? తనంతట తాను లేచి లోపలికి రావచ్చా? ఈ రెండూ ఉంటే అది విశ్రాంతి. చలిలో అరుగు మీద ఒంటరిగా పడుకోబెడితే దానికి ఏ ఆచారం పేరూ పెట్టొద్దు. పక్క ఒడిశాలో జూన్ నడుమ రజ పండుగకు భూమి ముట్టైందని మూడు రోజులు నాగలి కట్టరు, ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టి ఉయ్యాలలూగుతారు. ఆ సంగతి మీ అమ్మకు చెప్పు, దెబ్బలాడకు.

సెలవులకు వచ్చినప్పుడు ఆడపిల్లలతోపాటు వాళ్ల అన్నదమ్ములనూ కూర్చోబెట్టు. ముసిముసిగా నవ్వుతారు, నవ్వనీ. ఊట దగ్గర్నుంచి బిందెలెత్తుకుని గట్టెక్కేది ఇవాళ్టికీ ఆడపిల్లలే. చెల్లెలి పుస్తకంలో ఎర్రచుక్క ఏ రోజున పడుతుందో అన్నకు తెలిస్తే, ఆ పొద్దు కావిడి వాడే భుజానికెత్తుకుంటాడు. మీ తమ్ముడితో మొదలుపెట్టు.

నీ మేనత్త
బొర్రా