గోగునార వేరు, గంజాయి నార వేరు

భీమునిపట్నం రేవు పేరు మీద విదేశీ విపణిలో చలామణీ అయిన సరుకు మన గోగునార. వర్తకులు దానిని బిమ్లీ జూట్ అన్నారు, కొందరు దక్కన్ హెంప్ అని కూడా అన్నారు. శాస్త్రీయ నామం హైబిస్కస్ కానబినస్, అనగా గంజాయిని పోలిన మందార. ఆకు చీలికలను బట్టి వచ్చిన పోలికే గాని చుట్టరికం లేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతు గోగు విత్తడానికి లైసెన్సు అక్కరలేదు.

అసలు హెంప్ గంజాయి జాతిదే. 2018లో ఉత్తరాఖండ్ దాని సాగుకు లైసెన్సు ఇచ్చింది. మత్తు పదార్థమైన టి.హెచ్.సి. 0.3 శాతం మించరాదన్నది షరతు. గోగు బదులు ఇది వేద్దామనుకొనేవారు ఆ 0.3 ఎలా నిర్ణయమవుతుందో ముందు గ్రహించాలి.

ఆడపూల మీది జిగురు గ్రంథులలో మొదట సి.బి.జి.ఎ. అనే ఆమ్లం తయారవుతుంది. ఇది ముడిసరుకు. దీనికోసం రెండు ఎంజైములు పోటీపడతాయి. ఒకటి దానిని టి.హెచ్.సి.ఎ.గా మారుస్తుంది, వేడి తగిలితే టి.హెచ్.సి. అయ్యేది ఇదే. రెండవది మత్తులేని సి.బి.డి.ఎ.గా మారుస్తుంది. ఒకే ధాన్యం ఒక మిల్లులో పచ్చి బియ్యంగా, మరొక మిల్లులో ఉప్పుడు బియ్యంగా వచ్చినట్లన్న మాట.

ఏ ఎంజైము ఉండేదీ విత్తనంలోనే తేలిపోతుంది. 2003లో వెలువడిన పరిశోధనలో రెండు శుద్ధ రకాలను సంకరం చేయగా తొలితరం మొక్కలన్నీ రెండు ఆమ్లాలనూ కలిపి ఇచ్చాయి. మలితరంలో పావు వంతు మత్తు రకం, సగం మిశ్రమం, పావు వంతు మత్తులేనివి. ఆ రెండు జన్యువులు వేర్వేరైనా, పక్కపక్కనే ఉండి ఒక జతగా సంక్రమిస్తాయని తర్వాత తెలిసింది.

చిక్కంతా ఇక్కడే. ఈ మొక్కకు పరాగం గాలివాటున, మైళ్ల దూరం నుంచి కూడా వస్తుంది. మన్యపు కొండలలో దొంగసాగు పుప్పొడి తగిలిన పూవుకు కాసిన గింజ మిశ్రమమే. ఆ గింజను దాచి మరుసటి ఏడు విత్తితే పంట షరతు దాటుతుంది. శుద్ధమైన విత్తనమూ పూర్తిగా నిర్భయం కాదు: రెండవ ఎంజైము కూడా పొరపాటున కొద్దిగా టి.హెచ్.సి.ఎ. తయారుచేస్తుంది. పూత ముదిరి మొత్తం సారం పెరిగేకొద్దీ ఆ కొద్దీ పెరుగుతుంది. లేతాకు జన్యు పరీక్ష మొక్క ఏ రకమో చెబుతుంది. ఎంత ఉన్నదో పూత పరీక్షే చెప్పాలి.

1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం నారకోసం, విత్తనం కోసం సాగును ప్రభుత్వ అనుమతితోనే ఒప్పుకొంటుంది. గోగు రైతుకు ఈ బెడద లేదు. అతని దిగులల్లా ఊరవేయడానికి నీళ్లు, అమ్మబోతే ధర.